కార్పెట్‌ను ఎవరి చేతికివ్వాలి?

ధర ఎంత, మెషిన్ ఏది అని అడిగి కార్పెట్ కడిగే పని అప్పగించేస్తున్నాం. తడిని ఎంతసేపట్లో, ఎలా తీస్తారన్న ప్రశ్న మాత్రం అడగడం లేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి పట్టణాల్లో ముందుగా అడగాల్సింది దాన్నే.

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లా మీద వాన విరుచుకుపడింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు మించి కురిసింది. కామారెడ్డి పట్టణంలో జీఆర్ కాలనీ మునిగింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. 44వ జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. నీళ్లు తీసిన తర్వాత బండల నేలను కడిగి తుడిస్తే ఒక పూటలో ఇల్లు ఇల్లులా కనిపిస్తుంది. పరుపు, సోఫా, కార్పెట్ అలా కావు. పైన చేయి పెడితే ఆరినట్టే ఉంటాయి, లోపలి పొరల్లో మాత్రం తడి రోజుల తరబడి నిలిచిపోతుంది. వరద చేసిన ఈ నష్టాన్నే, చిన్న మోతాదులో, డబ్బులిచ్చి మరీ ఇంటికి తెచ్చుకునే అవకాశం ఉంది. పని సరిగా రాని వాళ్లను పిలిచి కార్పెట్ కడిగిస్తే జరిగేది అదే. నానబెట్టి, రుద్ది, పైపైన పీల్చి వెళ్లిపోతారు. ఆ సాయంత్రం కార్పెట్ మెరుస్తుంది. మూడో రోజున ముక్క వాసన మొదలవుతుంది. అందుకే క్లీనింగ్ కంపెనీని ఎంచుకునేటప్పుడు మిగతా లెక్కలన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది: కార్పెట్‌లోకి పంపిన నీటిని తిరిగి బయటికి తీసే పద్ధతి వాళ్ల దగ్గర ఉందా, లేదా?

మన ఇళ్లలో ఏం పరుస్తున్నాం?

ఈ ప్రాంతంలో గోడ నుంచి గోడ దాకా పరిచే కార్పెట్ ఇప్పటికీ అరుదే. ఒకప్పుడు చాప, శత్రంజి, జంపఖానా, గొంగడి ఉంటే సరిపోయేది. దులిపి ఎండలో వేసేవాళ్లు, అవసరమైతే చెరువు గట్టునో బావి దగ్గరో ఉతికేవాళ్లు. ఇప్పుడు పరిస్థితి మారింది. గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లా ఇది. దుబాయి నుంచో సౌదీ నుంచో వచ్చేటప్పుడు దుప్పట్లతో పాటు మందపాటి కార్పెట్లూ వస్తున్నాయి. ఆన్‌లైన్‌లో కొన్నవి హాల్లో సోఫా ముందు పరుచుకుంటున్నాయి. మసీదుల్లో వరుసలు గుర్తుపట్టేలా నేసిన కార్పెట్లు ఉన్నాయి. ఫంక్షన్ హాళ్లలో, లాడ్జీల్లో, బ్యాంకు మేనేజర్ గదుల్లో ఉన్నాయి. టెంట్ హౌస్ వాళ్లు పెళ్లిళ్లకు పరిచే ఎర్ర మ్యాట్లు సరేసరి. వీటిని శుభ్రం చేసే సేవ మాత్రం ఇంకా ఒక రూపానికి రాలేదు. హైదరాబాద్ నుంచో నిజామాబాద్ నుంచో బండి కట్టుకుని వచ్చే కంపెనీలు కొన్ని. ఒక మెషిన్ కొనుక్కుని సోఫా, కారు సీటు, పరుపు, కార్పెట్ అన్నిటికీ అదే వాడే స్థానిక యువకులు కొందరు. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దాకా వెళ్లేసరికి ఆ సంఖ్య ఇంకా తగ్గుతుంది. పేరున్న కంపెనీ అని కళ్లు మూసుకుని అప్పగించే వీలు లేని చోట మంచిచెడ్డలు తేల్చుకునే భారం కస్టమర్ మీదే పడుతుంది. ఆ భారం మోయడానికి పెద్ద శాస్త్రమేమీ అక్కర్లేదు. కార్పెట్ ఎలా మురికి పడుతుందో, ఎలా పాడవుతుందో తెలిస్తే చాలు.

నీళ్లు పోయడం తేలిక, తీయడం కష్టం

కార్పెట్‌లోని మురికిలో ఎక్కువ భాగం జిడ్డు కాదు, పొడి మట్టి. చెప్పులతో, గాలితో వచ్చిన ఇసుక రేణువులు నూలు మొదట్లోకి దిగి, అడుగు పడిన ప్రతిసారీ దారాన్ని కోస్తుంటాయి. ఈ పొడి మట్టిని వ్యాక్యూమ్‌తో నిదానంగా తీసేశాకే తడి పెట్టాలి. ఆ పని చేయకుండా నీళ్లు కొడితే మట్టి బురదై ఇంకా లోపలికి పోతుంది. అందుకే ఇంటికి వచ్చినవాళ్లు ముందుగా పైపు విప్పుతున్నారా, వ్యాక్యూమ్ తీస్తున్నారా అన్నది చూస్తే వాళ్ల పనితనం సగం తెలిసిపోతుంది. చిన్న కార్పెట్ అయితే తిరగేసి వెనకవైపు నుంచి తట్టించడం ఇంకా మంచిది. మట్టి తనంతట తానే కిందికి రాలుతుంది.

తర్వాత తడి సంగతి. కార్పెట్ ఒక్క పొర కాదు. పైన కుచ్చు, దాన్ని పట్టి ఉంచే నేత, మెషిన్ మీద చేసినదైతే కింద జిగురు, ఆ జిగురుకు అంటించిన మరో గుడ్డ. చాలావాటిలో ఆ అడుగు గుడ్డ జనపనారది. నీళ్లు అక్కడి దాకా దిగి నిలిచిపోతే మూడు రకాల నష్టం జరుగుతుంది. తడి 24 నుంచి 48 గంటలకు మించి ఉంటే ఫంగస్ పెరగడం మొదలవుతుంది. ఆ వాసన, ఆ రేణువులు ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లకు ప్రమాదం. నేల మీద పాకే పసిపిల్లలకూ మంచిది కాదు. రెండోది, జనపనారలోని రంగు నీళ్లతో కలిసి పైకి ఎక్కి, ఆరేకొద్దీ కుచ్చు కొసల మీద గోధుమ రంగు మరకలుగా తేలుతుంది. కార్పెట్ శుభ్రం చేయించాకే మరకలు వచ్చాయని జనం వాపోయేది ఇందుకే. మూడోది, పదేపదే నానితే జిగురు పట్టు వదిలి కార్పెట్ అలలు అలలుగా లేస్తుంది. ఈ మూడింటికీ కారణం మురికి కాదు, మిగిలిపోయిన నీరు.

సబ్బు సంగతీ ఇంతే. కడిగినప్పుడు వేసిన షాంపూ పూర్తిగా బయటికి రాకపోతే నూలు మీద జిగటగా మిగిలి, కొత్త మట్టిని మునుపటికంటే తొందరగా పట్టుకుంటుంది. బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో సమస్య రెట్టింపవుతుంది. ఆ నీళ్లతో సబ్బు సరిగా నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. నురగ రాలేదని ఇంకాస్త సబ్బు వేస్తారు. ఏ నీళ్లు వాడతారు, చివరి విడత ఉత్త నీళ్లతో తీస్తారా అని అడగడం అందుకే అవసరం. జవాబు తెలిసినవాడు విసుక్కోడు.

పద్ధతి పేరు కాదు, పద్ధతి పని

ప్రకటనల్లో కనిపించే పేర్లు నాలుగైదే. షాంపూ వాష్ అంటే నురగ వేసి గుండ్రటి బ్రష్‌తో తిప్పడం. ఖర్చు తక్కువ, కానీ సబ్బు లోపల మిగిలే అవకాశం ఎక్కువ. స్టీమ్ క్లీనింగ్ అని పిలిచేది చాలాసార్లు ఆవిరి కానే కాదు. వేడి నీటిని ఒత్తిడితో లోపలికి చిమ్మి, వెంటనే పీల్చేసే పద్ధతి అది. పీల్చే మోటారుకు శక్తి ఉండి, నడిపేవాడికి ఓపిక ఉంటే ఇళ్లలోని సింథటిక్ కార్పెట్లకు బాగా పనికొస్తుంది. తడి విడత ఒకటి నడిపితే పొడి విడతలు రెండైనా నడపాలి, అంటే నీళ్లు చిమ్మకుండా ఉత్తినే పీల్చాలి. అలా చేస్తే మంచి గాలి ఆడే గదిలో ఆరు నుంచి పన్నెండు గంటల్లో ఆరుతుంది. మరో పద్ధతిలో చాలా తక్కువ తడితో ఒక ద్రావణం చల్లుతారు. అది ఆరి, మురికిని చుట్టుకుని పొడిలా గట్టిపడ్డాక వ్యాక్యూమ్‌తో తీసేస్తారు. బ్యాంకులు, ఆఫీసులు రోజంతా మూసే వీలు లేని చోట ఇది నయం. లోతైన మురికికి మాత్రం చాలదు. చేతితో నేసిన ఖరీదైన తివాచీలను ఇంట్లో కడగకూడదు. తీసుకుపోయి, విడిగా ఉతికి, నీరు పిండి, గాలి రెండు వైపులా తగిలేలా ఆరబెట్టాలి. ఏ పద్ధతీ దానంతటదే గొప్పది కాదు. మీ కార్పెట్ ఏమిటో చూడకముందే అన్నిటికీ మా దగ్గర ఒకటే పద్ధతి అనేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి.

కార్పెట్ దేనితో చేసిందన్నది ఎందుకు అంత ముఖ్యం? పాలీప్రొపిలీన్ కార్పెట్ నీటిని పెద్దగా పీల్చుకోదు కానీ నూనెను అంటిపెట్టుకుంటుంది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమను తనలో దాచుకోగలదు, పైకి తడి తెలియనివ్వదు. బట్టలుతికే పౌడర్‌లోని క్షారం ఉన్నిని, పట్టును బిరుసుగా చేస్తుంది. బ్లీచింగ్ అయితే ఉన్నిని ఏకంగా కరిగించేస్తుంది. పట్టులా మెరిసే విస్కోస్ తడిస్తే బలం కోల్పోతుంది, బ్రష్ పడితే కుచ్చు చెదిరి మళ్లీ మునుపటిలా రాదు. ఇవన్నీ తెలిసినవాడు అంచు దగ్గర ఒక పోగు తీసి కాల్చి చూస్తాడు. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలిగితే ఉన్ని లేదా పట్టు. కరిగి గట్టి పూసలా మిగిలితే సింథటిక్. కాగితంలా కాలితే నూలు లేదా విస్కోస్. తర్వాత తడి తెల్లగుడ్డను ఒక మూల అదిమిపెట్టి రంగు దిగుతుందేమో చూస్తాడు. ఈ రెండు పరీక్షలకు పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు కేటాయించని కంపెనీ మీ కార్పెట్ మీద ప్రయోగం చేస్తున్నట్టే లెక్క.

మన సొంత నేతల విషయంలో ఇది మరీ ముఖ్యం. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసే గొంగడికి చింతగింజల గంజి పెడతారు. దాని బిగువు, వాన ఆపే గుణం ఆ గంజితో కూడా ముడిపడి ఉన్నవే. వేడి నీళ్ల మెషిన్ కింద పెడితే గంజి పోతుంది, ఉన్ని ముడుచుకుపోతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ శత్రంజీలు నూలువి, కుచ్చు లేనివి. వాటికి చల్లటి నీళ్ల ఉతుకు చాలు, కాకపోతే రంగు పరీక్ష తప్పనిసరి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా వెళ్లిన ఓరుగల్లు తివాచీల వారసత్వం మనది. పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్లు ఏలూరులో నిలబెట్టిన ఉన్ని తివాచీల పని కూడా మనదే. అలాంటిది ఇంట్లో ఒకటి ఉంటే, దాన్ని సోఫా కడిగే కుర్రాడి చేతికి ఇవ్వడం తగదు. దూరమైనా హైదరాబాద్‌లో చేతి తివాచీలు ఉతికేవాళ్ల దగ్గరికి పంపాలి.

ఎదురయ్యే అభ్యంతరాలు

ఇంత ఆలోచన ఎందుకు, ఎండలో వేస్తే అదే ఆరుతుంది అనేవాళ్లు ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో కామారెడ్డి ఎండకు ఆ మాట కొంత నిజమే. కానీ మన దగ్గర కార్పెట్లు కడిగించేది ఎప్పుడు? దసరా ముందు ఇల్లు దులిపేటప్పుడు. అంటే వానలు వెనక్కి మళ్లుతూ గాలిలో ఇంకా తేమ నిండి ఉన్న రోజుల్లో. గాలే తడిగా ఉంటే గుడ్డలోని తడి బయటికి పోదు. పైగా మందపాటి కార్పెట్‌ను తడి బరువుతో తాడు మీద వేలాడదీస్తే నేత సాగిపోతుంది. మండుటెండకు రంగు వెలుస్తుంది. కంపెనీ వాళ్లు గాలి వీచే బ్లోయర్లు తెస్తారా, ముసురు పడితే పనిని వాయిదా వేస్తారా అని అడిగితే వాళ్ల బాధ్యత ఎంతో తెలుస్తుంది. వాన రోజున పని వద్దని తానే చెప్పేవాడు ఆ రోజు ఆదాయం వదులుకుంటున్నాడు. అలాంటివాడిని నమ్మొచ్చు.

ధర తక్కువైతే తప్పేంటి అన్నది మరో అభ్యంతరం. తక్కువ ఖర్చుకు చేయించుకోవాలనుకోవడం తప్పు కాదు. అయితే ఆ తగ్గింపు ఎక్కడ నుంచి వస్తుందో చూడాలి. ఆరు అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవు ఉన్న కార్పెట్ అంటే 54 చదరపు అడుగులు. మెషిన్ అద్దె, షాంపూ, పెట్రోలు ఎవరికైనా దాదాపు ఒకటే పడతాయి. తగ్గించగలిగేది సమయాన్ని మాత్రమే. వ్యాక్యూమ్ మానేస్తారు, పొడి విడతలు మానేస్తారు, ఆరే దాకా ఆగరు. అంటే ధర తగ్గించిన ప్రతిసారీ కోత పడేది సరిగ్గా కార్పెట్‌ను కాపాడే పనుల మీదే. ఫోన్‌లోనే ఫలానా ధరకు ఎన్ని గదులైనా అని చెప్పి, ఇంటికొచ్చాక మరకకు ఇంత, వాసనకు ఇంత అని పెంచేవాళ్లూ ఉంటారు. చూసి, కొలిచి, పని మొదలుపెట్టకముందే మొత్తం ఎంతో కాగితం మీద రాసి ఇవ్వమనాలి.

అసలు కడిగించే బదులు కొత్తది కొంటే పోలేదా? చవక సింథటిక్ కార్పెట్ అయితే ఈ మాట నిజం. కడిగించే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా వస్తే పాతదాన్ని నీళ్ల పైపుతో ఇంటి ముందే కడుక్కుని, అరిగిన రోజున వదిలేయడమే తెలివైన పని. టెంట్ హౌస్ మ్యాట్లకూ అదే చాలు. ఈ మాట కంపెనీయే మీతో చెప్పిందంటే దానికి మీ డబ్బు మీద కంటే పని మీద ధ్యాస ఉందని అర్థం. వరద నీటిలో మురుగు కలిసిన సందర్భంలోనూ నిజాయితీకి ఇదే కొలత. డ్రైనేజీ నీళ్లు పీల్చుకున్న కార్పెట్‌ను, పరుపును కడిగి వాడుకోవచ్చని ఎవరైనా హామీ ఇస్తే ఒప్పుకోకూడదు. అంతర్జాతీయంగా ఈ పనికి ఉన్న ప్రమాణాలు వాటిని పారేయమనే చెబుతాయి. వానతో పైకప్పు నుంచి కారిన శుభ్రమైన నీటితో తడిసినవాటినైతే మొదటి ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టగలిగితే దక్కించుకోవచ్చు.

సర్టిఫికెట్లు, స్టార్ రేటింగులు చూస్తే చాలదా అంటారు చదువుకున్న యువత. అమెరికాలో 1972లో మొదలైన ఐఐసీఆర్‌సీ అనే సంస్థ ఈ పనిలో శిక్షణకు, ప్రమాణాలకు ప్రపంచమంతటా పేరు పొందింది. ఆ శిక్షణ ఉన్నవాళ్లు దొరికితే సంతోషమే. కానీ సర్టిఫికెట్ కంపెనీ గోడ మీద ఉంటుంది, బ్రష్ పట్టుకుని మీ ఇంటికి వచ్చేది వేరే మనిషి. ఇక రేటింగుల బలహీనత సమయంలో ఉంది. జనం మెచ్చుకుంటూ రాసేది పని అయిన సాయంత్రమే. తడి వల్ల వచ్చే వాసన మూడో రోజున, గోధుమ మరక వారంలో, సబ్బు జిగటకు మట్టి పట్టడం నెల తర్వాత బయటపడతాయి. అప్పటికి ఆ రేటింగు మార్చేవాళ్లు తక్కువ. కాబట్టి ఆరు నెలల కింద ఎవరి ఇంట్లో చేశారో చెప్పమని అడగాలి. చిన్న ఊరు అన్నది ఇక్కడ లోటు కాదు, బలం. కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో పని చేసినవాడి పాత కస్టమర్ మీ వీధిలోనే, మీ చుట్టాల్లోనే ఉంటాడు. ఒక్క ఫోన్ కాల్‌తో తెలిసే నిజం వంద రేటింగుల్లో దొరకదు.

కాగితం, చట్టం

చిన్న కంపెనీకి జీఎస్టీ నంబరు లేదని మోసగాడు అనుకోనక్కర్లేదు. సేవలు అందించేవాళ్లకు ఏడాది టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితేనే మామూలుగా ఆ నమోదు తప్పనిసరి. అయితే నమోదు లేకుండా జీఎస్టీ పేరుతో డబ్బు వసూలు చేయడం మాత్రం తప్పు. నంబరు ఉన్నా లేకపోయినా పేరు, తేదీ, చేసిన పని, తీసుకున్న మొత్తం రాసిన రసీదు అడగాలి. పని ముందు కార్పెట్ ఫొటోలు తీసుకోవాలి, పాత మరకలు, చిరుగులు ఇద్దరూ కలిసి చూసుకోవాలి. రంగు వెలిసినా, చిరిగినా బాధ్యత ఎవరిదో వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవలో లోపానికి పరిహారం కోరవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. రాసిన కాగితం ఉన్నప్పుడే ఈ హక్కులు నిజంగా పనికొస్తాయి.

కలిసి అడిగితే సేవ మారుతుంది

ఇన్ని షరతులు పెడితే ఎల్లారెడ్డి దాకా వచ్చేదెవరు అన్న సందేహం న్యాయమైనదే. దూరం నుంచి వచ్చే మంచి కంపెనీకి ఒక్క కార్పెట్ గిట్టుబాటు కాదు. దీనికి పరిష్కారం షరతులు సడలించడం కాదు, పనిని కూడగట్టడం. కాలనీలో పది ఇళ్లు, మసీదు కమిటీ, పక్కనే ఉన్న ఫంక్షన్ హాలు ఒకే తేదీ పెట్టుకుంటే రానుపోను ఖర్చు అందరి మీదా పంచుకుపోతుంది. కంపెనీకి రోజంతా పని దొరుకుతుంది. వేసవి చివర్లో పెట్టుకుంటే ఆరడమూ తేలిక. దసరా రద్దీ తప్పుతుంది. మెషిన్ కొనుక్కుని బతుకుదెరువు వెతుక్కుంటున్న స్థానిక యువకులను కూడా తీసిపారేయకూడదు. పని చెడగొట్టాలని వాళ్లు రారు, అడిగేవాళ్లు లేక నేర్చుకోరు. ప్రతి ఇంట్లోనూ ముందు వ్యాక్యూమ్ చేస్తావా, పోగు పరీక్షిస్తావా, ఎన్ని గంటల్లో ఆరుతుంది అన్న మూడు ప్రశ్నలు ఎదురైతే, ఆరు నెలల్లో బ్లోయర్ కొనేది, రంగు పరీక్ష నేర్చుకునేది వాళ్లే. ఊళ్లోనే నమ్మకమైన చేతులు తయారైతే హైదరాబాద్ బండి కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు, ఇక్కడి డబ్బు ఇక్కడి యువకుల దగ్గరే ఉంటుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు ధర కంటే ముందు ఆ మూడు ప్రశ్నలు అడగండి. వాటికి తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లకే పని ఇవ్వండి, చెప్పిన గంటల్లో ఆరిందో లేదో అడుగుభాగం తాకి చూసి మరీ ఊళ్లో పదిమందికి చెప్పండి.